తిరగని మోటారు, కాలని వైండింగ్

శీతల దేశాల ఇళ్లలో ఫర్నేస్ పుట్టించిన వేడిని గదులకు చేర్చే బ్లోయర్ మోటారుకు ఎంత ప్రాధాన్యముందో, రోహిణి కార్తెలో గోదావరి డెల్టా ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ మోటారుకూ, ఏసీ లోపలి బ్లోయర్ మోటారుకూ అంత ప్రాధాన్యముంది. వశిష్ఠ గోదావరికి చేరువగా, కాలువలూ వరిచేలూ చుట్టుకొని ఉన్న పెనుగొండ వంటి చోట గాలిలో తేమ అధికం కనుక చెమట తనంతట ఆరదు. గాలి కదిలితేనే ఒంటికి ఊరట కలుగుతుంది. అందుచేత మోటారు నెమ్మదించగానే కాలిపోయిందని తీర్మానించి రివైండింగుకు పంపడం కంటే, దోషాన్ని వరుసక్రమంలో వెదకడం మేలు.

ఇంటికి వచ్చే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఒకే తీగచుట్టలో (వైండింగ్‌లో) ప్రవహించినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు కనుక, నిశ్చలంగా ఉన్న మోటారును అది కదిలించలేదు. వేర్వేరు దిశల్లో అమర్చిన రెండు చుట్టల ప్రవాహాల మధ్య కొంత కాలభేదం ఉంటే తిరిగే క్షేత్రం ఏర్పడుతుందని ఇటలీ శాస్త్రవేత్త గలీలియో ఫెరారిస్ 1885లో నిరూపించాడు. ఫ్యాన్ లోని రెండో చుట్టకు ఆ కాలభేదాన్ని కల్పించేదే కెపాసిటర్. మెకానిక్కుల వాడుకలో అదే కండెన్సర్.

సాధారణ సీలింగ్ ఫ్యాన్లలో తరచుగా 2.5 మైక్రోఫారడ్ల సామర్థ్యం గల కండెన్సర్ ఉంటుంది. దాని లోపలి పలుచని ప్లాస్టిక్ పొరకు వేడివల్లో, వోల్టేజి ఒక్కసారిగా పెరగడంవల్లో రంధ్రం పడినప్పుడు, ఆ చోటనున్న లోహపు పూత ఆవిరై దెబ్బతిన్న చోటు తనంతట వేరుపడుతుంది. అయితే ప్రతిసారీ కొంత పూత నశించడంచేత సామర్థ్యం క్రమంగా తగ్గి, ఫ్యాన్ ఏటికేడు నెమ్మదిస్తుంది. స్విచ్ వేసినా రెక్కలు కదలక మోటారు మూలుగుతూ, పొడి కర్రతో మెల్లగా తోస్తే తోసిన వైపే తిరగసాగితే, ముందుగా అనుమానించవలసినది కండెన్సర్‌నే.

అయితే దానికన్నా ముందు సరఫరాను గమనించాలి. ఇటువంటి మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గానికి అనుపాతంగా ఉంటుంది; అంటే 230కి బదులు 180 వోల్టులే అందితే బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. ఇంట్లోని ఫ్యాన్లన్నీ ఒకేసారి నెమ్మదిస్తే తప్పు మోటారుది కాదు. సరఫరా బాగుండి, కరెంటు ఆపి చేత్తో తిప్పినప్పుడు రెక్కలు బిగుసుకున్నట్లు ఆగిపోతే, లేదా గరగరమంటే, తుప్పు పట్టిన బేరింగ్ కారణం కావచ్చు. తేమ గాలి ఈ తుప్పుకు తోడ్పడుతుంది.

ఏసీ బ్లోయర్ నెమ్మదించినప్పుడు లక్షణం మరో రూపంలో కనిపిస్తుంది. చల్లని గొట్టాల మీదుగా తగినంత గాలి పోనందున వాటిపై మంచు కట్టి, అది కరిగి గదిలో నీరు కారుతుంది. ఫర్నేస్‌లోనైతే ఇదే లోపం వేడిని లోపలే నిలిపివేస్తుంది కనుక రక్షణ స్విచ్ మంటను ఆర్పివేస్తుంది. అయితే మురికి పట్టిన ఫిల్టర్ కూడా ఈ లక్షణాలనే చూపగలదు కనుక, మోటారు జోలికి పోకముందే దానిని కడగాలి.

ఇవన్నీ సరిచూసిన తరువాతనే వైండింగ్‌ను పరీక్షించాలి. మాడిన వాసన, నల్లబడిన తీగ, మీటరులో తెగిపోయినట్లు కనిపించే చుట్ట, ఒంటికి తగిలే షాక్ అది చెడిందనడానికి లక్షణాలు. ఏ భాగాన్ని తాకాలన్నా మెయిన్ స్విచ్ ఆపడం తప్పనిసరి. కరెంటు ఆగినా కండెన్సర్‌లో ఆవేశం నిలిచి ఉండవచ్చు కనుక, దాన్ని మార్చే పనిని తెలిసిన మెకానిక్కుకే అప్పగించి, అదే సామర్థ్యమూ అంతకు తగ్గని వోల్టేజీ గలదాన్నే వేయించాలి. మూలుగు, గరగర, వేగం తగ్గడం వేర్వేరు భాగాల మాటలని గ్రహించిన ఇంటివారు, మెకానిక్కు వచ్చేసరికి తాము గమనించిన లక్షణాన్ని సరిగా చెప్పగలుగుతారు. బాగున్న వైండింగ్‌ను విప్పించే ఖర్చునూ తప్పించుకుంటారు.