దేవదారు పెట్టె

రఘువంశ ద్వితీయ సర్గలో ఒక దేవదారు వృక్షం కనిపిస్తుంది. పార్వతీదేవి దానిని నీరుపోసి కన్నబిడ్డవలె పెంచింది. ఒకనాడు అడవి ఏనుగు చెక్కిలి దురద తీర్చుకొనబోయి దాని బెరడును చీల్చివేయగా, కుమారస్వామికే గాయమైనట్లు ఆమె దుఃఖించిందని కాళిదాసు వర్ణించాడు. హిమాలయాలలో పెరిగే ఆ వృక్షపు చేవతోనే కాశ్మీరంలో పడవ ఇళ్లు నిర్మించారు. చేవలోని తైలం ఆ కొయ్యను పుచ్చిపోకుండా కాపాడుతుంది. దాని పరిమళానికీ మూలమదే.

హైదరాబాదు మాదాపూరులో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు చేరువనే శిల్పారామం ఉన్నది. ఆ గాజు మేడల నడుమ చేతిపనుల అంగళ్ల ముందు నిలిచిన విద్యార్థికి ఒక సందేహం కలుగవచ్చు. ఏటికొప్పాక బొమ్మలకు ఇంత శోభనిచ్చే లక్క, సువాసన గల కొయ్యకు కూడా మేలు చేస్తుందా?

ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్కకణికను దానికి అదుముతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకొంటుంది. ఆ బొమ్మ కంటికి అందంగా ఉంటే చాలు. దేవదారు పెట్టె సంగతి వేరు. దాని తైలం కొయ్య సూక్ష్మరంధ్రాల గుండా మెల్లమెల్లగా ఆవిరి అవుతుంది గనుకనే మనకు వాసన తెలుస్తుంది. రంధ్రాలను పూతతో మూసివేస్తే పరిమళం లోపలనే బందీ అవుతుంది.

అందుచేత పెట్టె లోపలి భాగానికి ఏ పూతా పూయకూడదు. వార్నీషు పూస్తే, మూసిన పెట్టెలో చేరిన తైలపు ఆవిరులు దానిని మెత్తబరచి జిగటగా చేయవచ్చు. దాచిన వస్త్రాలు అంటుకొంటాయి. అవిసె నూనె రాస్తే గాలి తగలనిచోట ముక్కవాసన పుడుతుంది. వెలుపలి భాగాన్ని చిత్రికపట్టి, ఉప్పుకాగితంతో నునుపుచేసి, స్పిరిటులో కరిగించిన లక్కను పలుచగా రెండు మూడు పూతలు వేయవచ్చు. స్పిరిటు వాసన పూర్తిగా పోయేవరకు మూత తెరచి ఉంచవలె.

ఏళ్లు గడిచి వాసన సన్నగిల్లితే పెట్టె పాతదైపోయిందని పారవేయనక్కరలేదు. పైపొరలోని తైలం మాత్రమే ఎగిరిపోయి ఉంటుంది. సన్నని ఉప్పుకాగితంతో లోపల తేలికగా రుద్ది పొడి దులిపితే కొత్త పొర బయటపడి పరిమళం మళ్లీ మేలుకొంటుంది. అయితే ఈ వాసననే నమ్ముకొని ఉన్నిబట్టలను మరచిపోరాదు. అప్పుడప్పుడు ఎండకు చూపి, శుభ్రపరచి దాచవలె.

పూత పూయడం నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. ఎక్కడ పూయకూడదో గ్రహించడానికి కొయ్య స్వభావం తెలియవలె. పిల్లలను తీర్చిదిద్దే ఉపాధ్యాయునికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. పెట్టెకు మెరుపునిచ్చేది వడ్రంగి. పరిమళాన్ని చెట్టు ముందే ఇచ్చి ఉన్నది.