పని ఉంటేనే పాత గోడ నిలుస్తుంది

జన్వాడ: దీపం పెట్టే దిక్కులేని ఇల్లు తొందరగా పాడుబడుతుంది. మూతబడిన మిల్లుకైనా, దొరల గడికైనా అదే గతి. గోడల్లో రావి మొలుస్తుంది, తలుపులు, దూలాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. చివరికి శిథిలమని పేరుపెట్టి కూల్చేస్తారు. అలాంటి కట్టడాన్ని బాగుచేసి చేతిపనుల వారికి, కళాకారులకు పనిచోటుగా ఇస్తే? నగరంలో జరుగుతున్నది చూస్తే మన పల్లెలూ ఈ సంగతి ఆలోచించక తప్పదు.

టంకశాల నుంచి మ్యూజియం

హైదరాబాద్ సైఫాబాద్‌లో 1903లో నిజాం కాలాన టంకశాల వెలసింది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలడంతో ఇక్కడి యంత్రాలు ఆగిపోయాయి. పాతికేళ్ల తర్వాత, 2022 జూన్‌లో, అదే భవనం మ్యూజియంగా తలుపులు తెరిచింది.

చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ది మరో కథ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం దాన్ని కట్టించారు. ఆమెకు నచ్చక అందులో కాపురమే పెట్టలేదు. పన్ను బకాయిల కింద 1965లో నగరపాలక సంస్థ స్వాధీనం చేసుకుని కార్యాలయాలకు వాడుకుంది. దాన్ని కళలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు నిలయంగా మార్చే పనికి 2022లో శంకుస్థాపన జరిగింది.

ఇందుకు మహళ్లే కావాలని లేదు. బంజారాహిల్స్‌లో ఒక పాత నివాసగృహమే 2010లో ‘లామకాన్’ పేరుతో నాటకాలకు, సంగీతానికి, చర్చలకు వేదికైంది. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున మూతబడిన విద్యుత్ కేంద్రం 2000లో కళా ప్రదర్శనశాలగా మారి లోకాన్నే ఆకర్షిస్తోంది.

ఈ అదృష్టం అన్నింటికీ దక్కలేదు. 1934లో మొదలై వేలాదిమందికి అన్నం పెట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లు మూతబడ్డాక దాని స్థలం ఇళ్ల ప్లాట్లయింది.

మనకేమిటి లాభం?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో జన్వాడ ఒకటి. కాలుష్య పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు ఆ జీవో అడ్డుకట్ట వేసింది. 2022లో ఆంక్షలు సడలిస్తూ ప్రభుత్వం మరో జీవో తెచ్చింది. భూమి ధర పెరిగినచోట పాత కట్టడం కంటే దాని కింది స్థలమే విలువైనదిగా కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

కుట్టుపని, వడ్రంగం, బొమ్మల తయారీ, చిత్రలేఖనం వంటి పనులకు పొగగొట్టం అక్కర్లేదు. మూతబడిన రైస్‌మిల్లో, ఖాళీ గోదామో చాలు. రంగుల అద్దకం మాత్రం ఇక్కడ పనికిరాదు. ఆ మురుగు చివరికి జలాశయాలకే చేరుతుంది.

సిమెంటుతో చేటు

బాగుచేయడంలోనూ జాగ్రత్త అవసరం. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, గోడ ఉబ్బి, పెచ్చులూడుతుంది. అందుకే సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలవాలి. కప్పు, దూలాల బలం, కరెంటు వైర్లు, మరుగుదొడ్ల సంగతి ముందే చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బాగుచేసిన భవనం నగరం నుంచి కార్లలో వచ్చేవారి విడిదిగా మారితే ఊరికి ఒరిగేదేమీ లేదు. అందులో కొన్ని గదులు ఊరి మహిళలకు, చేతివృత్తులవారికి తక్కువ అద్దెకు ఇవ్వాలన్న షరతు మొదటే కాగితం మీద ఉండాలి. అప్పుడే గోడకు పని, మనిషికి కూలి దక్కుతాయి.

ఊరిలో ఏ పాత కట్టడం ఎవరి పేర ఉందో, ఏ స్థితిలో ఉందో గ్రామసభలో జాబితా రాసుకుంటే సగం పని అయినట్టే. కూల్చేందుకు ఒక్కరోజు చాలు. మళ్లీ అలాంటి గోడ కట్టడం ఎవరి తరమూ కాదు. పంచాయతీ పెద్దలు, అధికారులు ఇప్పుడైనా ఈ దిశగా కదలాలి.