డైమండ్ అంటే డైమండ్ కాదు!

పేకాట అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది రమ్మీ. ఒడిశా వైపు స్థిరపడినవారైతే ఇరవై తొమ్మిది, తమిళనాడు వైపు వారైతే ఇరవై ఎనిమిది కూడా ఆడేసి ఉంటారు. నలుగురు కూర్చోవడం, ఎదురెదురు వాళ్లు ఒక జట్టు, ముందు పాట పాడి తర్వాత తురుపు చెప్పడం వారికి కొత్తేమీ కాదు. అలాంటివారు బ్రిడ్జి బల్ల దగ్గరకొస్తే సగం ఆట వచ్చేసినట్టే. చిక్కంతా మిగిలిన సగంతోనే. ఇక్కడ డైమండ్ అని పాడిన మనిషి చేతిలో డైమండ్ ముక్కే ఉండకపోవచ్చు!

బ్రిడ్జిలో 52 ముక్కలూ పంచేస్తారు. తలా పదమూడు. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. మొత్తం పదమూడు ట్రిక్కుల్లో మా జట్టు ఇన్ని గెలుస్తుంది, ఫలానా రంగు తురుపు అని ముందే పాడాలి. తురుపు లేకుండా ఆడతామనీ పాడొచ్చు, దాన్ని నోట్రంప్ అంటారు. పాటలో చెప్పిన అంకెకు ఆరు కలుపుకోవాలి. ‘రెండు డైమండ్’ అంటే డైమండ్ తురుపుతో ఎనిమిది ట్రిక్కులన్నమాట. తురుపు లేకుండా తొమ్మిదికైనా, ఇస్పేటు లేదా ఆఠీను తురుపుతో పదికైనా పాడి గెలిస్తే ‘గేమ్’. దానికి పెద్ద బోనస్ ఉంటుంది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకంతా కలిపి 40 పాయింట్లు. ఇద్దరి దగ్గరా కలిసి 25, 26 ఉంటే గేమ్‌కు పోవచ్చని లెక్క.

అయితే పార్ట్‌నర్ చేయి చూడకూడదు, అడగకూడదు. సైగ చేస్తే నేరం. మాట్లాడుకోవడానికి ఉన్న ఒకే దారి పాట.

నాలుగో రంగు కథ

ఒక చేయి చూద్దాం. ఉత్తరం వైపు ఆటగాడి దగ్గర ఇస్పేటు రాజు, 8, 3. ఆఠీను ఆసు, జాకీ, 9, 6, 2. డైమండ్ ఆరు ఒక్కటే. కళావరు ఆసు, 10, 7, 2 ఉన్నాయి. ఎదురుగా దక్షిణం దగ్గర ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 6, 4. ఆఠీను రాజు, 7. డైమండ్ 8, 5, 3. కళావరు రాజు, జాకీ, 4. ప్రత్యర్థులు పాస్ అంటూ పోతున్నారు. ఉత్తరం ‘ఒక ఆఠీను’ అన్నాడు. దక్షిణం ‘ఒక ఇస్పేటు’ అంది. ఉత్తరం ‘రెండు కళావరు’ అన్నాడు.

ఇప్పుడు దక్షిణం ఏం పాడాలి? తన దగ్గరే 14 పాయింట్లున్నాయి, గేమ్ ఖాయం. కానీ ఏ గేమ్? నోట్రంప్ అందామంటే డైమండ్‌లో ఆపే ముక్క ఒక్కటీ లేదు. నాలుగు ఇస్పేటు అంటే, అవతల ఇస్పేట్లు మూడున్నాయో ఒక్కటుందో తెలియదు. ఆఠీనుకు పోదామంటే తన దగ్గర రెండే.

అప్పుడు పాడుతుంది ‘రెండు డైమండ్’.

చేతిలో ఉన్నది ఎనిమిది, అయిదు, మూడు. మరి ఇది అబద్ధం కాదా? కాదు. మూడు రంగులు అప్పటికే చెప్పేశారు. మిగిలిన నాలుగో రంగులో నిజంగా బలం ఉంటే దక్షిణం హాయిగా నోట్రంప్ పాడేది. కాబట్టి ఆ రంగు దాదాపు పనిలేకుండా పడి ఉంది. దాన్ని ప్రశ్నగా వాడుకుందామన్న ఒప్పందమే ‘ఫోర్త్ సూట్ ఫోర్సింగ్’. దీనికి ఆద్యుడిగా ఇంగ్లండ్ ఆటగాడు నార్మన్ స్క్వైర్‌ను చెబుతారు. ‘నీ చేతి గురించి ఇంకొంచెం చెప్పు, పాస్ మాత్రం అనకు’ అని దాని అర్థం.

డైమండ్ ఆపగలిగితే ఉత్తరం రెండు నోట్రంప్ అనాలి. ఇక్కడ ఉన్నది ఒంటరి ఆరు, ఇస్పేట్లేమో మూడున్నాయి. అందుకని ‘రెండు ఇస్పేటు’ అన్నాడు. దక్షిణానికి కావాల్సింది దొరికింది. నాలుగు ఇస్పేటు! ముక్కలు మరీ అడ్డంగా పడకపోతే ఇస్పేట్లు అయిదు, ఆఠీన్లు రెండు, కళావర్లు రెండు, ఉత్తరం చేతిలో తురుపు వేసి కోసే డైమండ్ ఒకటి. లెక్క పదికి సరిపోయింది. అదే మూడు నోట్రంప్ ఆడి ఉంటే, ఎదుటివాళ్లు మొదటి నుంచే డైమండ్లు లాగి అయిదు ట్రిక్కులు పట్టుకుపోయేవారు.

ఇక ఉత్తరం మరిచిపోయి ‘పాస్’ అన్నాడనుకోండి. కొంప మునిగినట్టే. ఇద్దరికీ కలిపి తురుపులు నాలుగు, అవతలివాళ్ల దగ్గర తొమ్మిది! క్లబ్బుల్లో జోడీలు విడిపోయేది ఇలాంటి పాస్‌ల దగ్గరే.

ఇలా లోపలి అర్థం వేరుగా ఉండే పాటలు ఈ ఆటకు కొత్త కాదు. నేటి కాంట్రాక్ట్ బ్రిడ్జి లెక్కలను 1925లో ఓడ ప్రయాణంలో తయారుచేసింది అమెరికా సంపన్నుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్. ‘ఒక కళావరు’ అంటే కళావర్లతో సంబంధం లేకుండా ‘చేయి బలంగా ఉంది’ అని చెప్పే పద్ధతిని 1929లో పుస్తకంలో పెట్టిందీ ఆయనే. అదే దారిలో సి.సి. వెయ్ రూపొందించిన ప్రెసిషన్ పద్ధతితో తైవాన్ జట్టు 1969లో ప్రపంచ పోటీ ‘బెర్ముడా బౌల్’ ఫైనల్ దాకా వెళ్లి అందరినీ నివ్వెరపరిచింది.

గుట్టు ఉండకూడదు

అర్థం వేరే అయితే అది దొంగ సంకేతం కాదా అని రమ్మీ ఆడేవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిడ్జి నియమం ఒక్కటే: మీ ఒప్పందం ఎదుటివాళ్లకూ తెలియాలి. వారు అడిగితే పాట పాడినవారు కాదు, వారి పార్ట్‌నరే అర్థం చెప్పాలి. ఆ పార్ట్‌నర్ తప్పుగా చెబితే? పాడినవారు వేలం ముగిసేదాకా ముఖం కూడా మార్చకూడదు. ఆట తమదైతే మొదటి ముక్క పడకముందే సరిదిద్దాలి. ఎదుటివాళ్లదైతే ఆటంతా అయ్యాకే చెప్పాలి. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆడినవారికే తెలుసు.

చాటు సంకేతాలు మాత్రం సహించరు. 1975 బెర్ముడా బౌల్‌లో పార్ట్‌నర్లు ఒకరికొకరు కనబడకుండా బల్ల మీద తెరలు పెట్టారు. ఒక ఇటలీ జంట బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకుందని అక్కడే గొడవ రేగింది!

మన కోర్టులూ బ్రిడ్జిని తెలివి ఆటగానే చూశాయి. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఆటగా తేల్చినప్పుడు పోలిక తెచ్చింది బ్రిడ్జితోనే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ జోడీ భారత్‌కు స్వర్ణం తెచ్చింది.

నేర్చుకునేవారు కొత్త పార్ట్‌నర్‌తో కూర్చునేటప్పుడు ఒకటి అడిగి తీరాలి. నాలుగో రంగు పాడితే ఒక్క వంతు వరకేనా, గేమ్ చేరేదాకా ఇద్దరూ పాస్ అనకూడదా? రెండు రకాలుగానూ ఆడేవారున్నారు. ముక్కలు పంచకముందే ఇది తేల్చుకోవాలి, పంచాక అడగడానికి వీల్లేదు.