బాల్యం మరువని దేహం

1912 ఫిబ్రవరిలో జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలి ఉక్కుదిమ్మ రూపొందింది. ఉత్తరాంధ్ర నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ కొలుముల ఊరికి తరలివెళ్లి బ్రతుకుతెరువు వెదుక్కున్నాయి. ఉక్కుతో పనిచేసేవారు ఎరిగిన సత్యమొకటుంది: లోహం సమంగా చల్లారకపోతే లోపలి ఒత్తిడి కంటికి కనబడకుండా నిలిచిపోతుంది, ఏళ్ల తరువాత అక్కడే బీటలు వారవచ్చు.

మానవదేహం తీరూ ఇంచుమించు ఇదే. 8 లక్షలకు పైగా వయోజనుల వివరాలను క్రోడీకరించిన పరిశోధన ఒకటి 2023లో వెలువడింది. బాల్యంలో హింసకో, నిరాదరణకో గురైనవారికి పెద్దయ్యాక దీర్ఘకాలిక నొప్పులు కలిగే అవకాశం 45 శాతం అధికమని అది తేల్చింది.

కారణమేమిటి? నిత్యభయంలో పెరిగే పసివాని శరీరం ఎల్లవేళలా అపాయానికి సన్నద్ధమై ఉంటుంది. కార్టిసాల్ వంటి హార్మోనుల క్రమం తప్పుతుంది. నాడీమండలం స్వల్పమైన నలతనే పెనుబాధగా గ్రహించడం అలవరచుకుంటుంది. ఎక్స్‌రేకు అందని నడుమునొప్పిని 'వట్టి భ్రమ' అని కొట్టివేయడం అందుకే అన్యాయం.

అయినా బాల్యం నుదుటివ్రాత కాదు. కష్టాలెరిగిన వారందరికీ నొప్పులు రావు. ఉక్కును తిరిగి వేడిచేసి మెల్లగా చల్లార్చితే లోపలి ఒత్తిడి సడలుతుంది. మనిషికి కావలసిన వెచ్చదనం ఆదరించే ఇల్లు, ఓపికతో వినే వైద్యుడు. "నొప్పి ఎక్కడ?" అన్న ప్రశ్నతో పాటు "చిన్ననాడు ఎలా గడిచింది?" అని కూడా ఆయన అడగాలి.