నిలబడిన మట్టిని నమ్మొద్దు

మనం ఏ ఊరికి బదిలీ అయి వెళ్లినా, క్వార్టర్ల పక్కనో, బడి దారిలోనో పైపుల కోసం పొడవాటి గొయ్యి తవ్వుతూ కనిపిస్తారు. ఒక్కోసారి లోపలి నుంచి తెలుగు మాటలే వినిపిస్తాయి. మట్టిపనికి పేరుపడ్డ పాలమూరు కూలీలు ఎన్నో రాష్ట్రాల్లో పనిచేశారు మరి. ఆ గొయ్యి ఎందుకంత ప్రమాదమో తెలుసుకుందాం.

నేలలోని మట్టిని చుట్టూ ఉన్న మట్టే పట్టి ఉంచుతుంది. గొయ్యి తవ్వగానే ఒకవైపు ఆ ఆసరా పోతుంది. కొద్దిపాటి తడి ఉన్నంతసేపు గోడ నిటారుగా నిలబడుతుంది. సముద్రపు ఒడ్డున మనం కట్టే ఇసుక గూడు చూడండి. ఆరితే రాలుతుంది, అల తగిలితే కూలుతుంది. గొయ్యి గోడా అంతే. నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది. ఆ బీటల్లోకి వాన నీరు దిగితే పెళ్లలు విరిగిపడతాయి. పక్కనే లారీ వెళ్లినా, తవ్విన మట్టిని అంచునే పోసినా గోడపై భారం పెరుగుతుంది. అందుకే "నిన్నంతా నిలబడింది కదా" అనే ధీమా పనికిరాదు.

ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు తూగుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషికి తల బయటే ఉన్నా ఊపిరాడకపోవచ్చు. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ తగ్గిన చోటులోకి మట్టి జారుతుంది. మళ్లీ పీల్చడానికి ఛాతీ విచ్చుకోదు.

దీనికి ఉపాయం ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ప్రకారం 1.5 మీటర్లకు మించి లోతున్న గొయ్యి గోడలకు దన్ను ఉండాలి. అది మన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఎత్తంతే! గోడలకు పలకలు ఆనించి, మధ్యలో అడ్డదూలాలు బిగిస్తారు. చోటుంటే గోడలను ఏటవాలుగా తవ్వుతారు. మన పల్లెల్లో బావికి ఒరలు దించేది కూడా మట్టి విరిగిపడకుండా ఆపడానికే. తవ్విన మట్టిని దూరంగా పోయాలి, ఎక్కిరావడానికి నిచ్చెన ఉంచాలి.

బంతి గోతిలో పడితే మనం దిగకూడదు, అంచుకూ వెళ్లకూడదు. ఎవరైనా మట్టి కింద చిక్కుకుంటే దూకకూడదు. మిగిలిన గోడా కూలవచ్చు. పెద్దలను పిలిచి, వెంటనే 112కు ఫోన్ చేయించాలి.

మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. "ఒక్క గంట పనేగా, దన్నెందుకు?" అని అప్పుడు ఎవరైనా అడుగుతారు. గోడ కూలడానికి ఒక్క క్షణం చాలు. దన్ను పెట్టాకే మనిషిని దించుదాం.