పాట నేరం చేయిస్తుందా?

ఝరాసంగం: ఊరేగింపులో డీజే మోత మొదలైతే యువకుల కాళ్లు నిలవవు. అదే ఊరేగింపులో మాటామాటా పెరిగి తలలు పగిలితే, మరునాడు రచ్చబండ వద్ద పెద్దలు మొదట నిందించేది పాటనే. ‘ఆ పాటలే పిల్లలను చెడగొడుతున్నాయి’ అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. ‘పాట ఏం చేస్తుంది, తాగిన మత్తు చేయించింది’ అని మరికొందరు వాదిస్తారు. ఇంతకూ సంగీతానికి మనిషి చేత నేరం చేయించే శక్తి ఉన్నదా? ఈ ప్రశ్న నేటిది కాదు. ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, శాస్త్రవేత్తలు దీనికి సమాధానం వెతుకుతూనే ఉన్నారు. ఆ అన్వేషణలో తెలుగు నేలకు, అందునా మెదక్ సీమకు ప్రత్యేక స్థానం ఉంది.

జైలుకు వెళ్లిన పాట

పాటను నేరంగా చూడడం తెలుగువారికి కొత్త కాదు. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో, 1920ల ఆరంభాన, తెల్లదొరతనాన్ని ధిక్కరిస్తూ పాట రాసి ఊరూరా పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణకు ఆంగ్లేయ పాలకులు ఏడాది కారాగార శిక్ష విధించారు. ఆయన ఎవరినీ కొట్టలేదు, ఏ కచేరీకీ నిప్పు పెట్టలేదు. జనం ఆ పాటను కంఠస్థం చేయడమే పాలకులను కలవరపరచింది. అంతకు చాలా ముందే, 1876లో, నాటకాలను అదుపు చేసేందుకు బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చింది. పాట వింటే, ఆట చూస్తే ప్రజలు తిరగబడతారన్న భయమే వీటికి మూలం.

పాటకు శక్తి ఉన్నదన్న విషయంలో పాలకులు పొరబడలేదు. శక్తి ఉన్నది కనుక అది నేరమేనన్న నిర్ధారణలోనే పొరపాటు ఉంది. నాడు నేరమనిపించుకున్న ఆ పాటను స్వాతంత్ర్యం తరువాత పాఠశాలల్లో దేశభక్తి గీతంగా పాడించారు.

మెతుకుసీమ గొంతు

ఇదే ప్రశ్న అర్ధ శతాబ్దం తరువాత మెదక్ జిల్లాకు చెందిన మరో గొంతు చుట్టూ తిరిగింది. 1949లో తూప్రాన్‌లో జన్మించిన గుమ్మడి విఠల్‌రావు, గద్దర్‌గా జననాట్యమండలి ద్వారా ఊరూరా పాడారు. ఆ పాటలు యువకులను అడవిబాట పట్టిస్తున్నాయని ప్రభుత్వం భావించింది. 1985 నుంచి ఆయన అజ్ఞాతంలో గడిపారు. 1990లో బయటకు వచ్చినప్పుడు ఆయన పాట వినేందుకు హైదరాబాద్‌లోని నిజాం కళాశాల మైదానానికి జనం పోటెత్తారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లోని ఇంటి వద్ద దుండగులు ఆయనపై కాల్పులు జరిపారు. శరీరంలో నిలిచిపోయిన ఒక తూటాతోనే ఆయన చివరివరకు జీవించారు. 2023 ఆగస్టు 6న మరణించగా ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నంది పురస్కారాల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన సినీ పురస్కారాలకు ఆయన పేరే పెట్టారు. 2025 జూన్‌లో వాటిని తొలిసారి ప్రదానం చేశారు.

ఆ పాటలు విని దళాల్లో చేరినవారు లేరని ఎవరూ అనలేరు. అయితే అవే పాటలను లక్షలాది మంది విన్నారు. విన్నవారందరూ తుపాకీ పట్టలేదు. భూమి లేకపోవడం, వెట్టిచాకిరి, దొరల పెత్తనం, పోలీసు దెబ్బలు ముందే ఉన్నాయి. ఆ బాధకు పాట పేరు పెట్టింది, దారి చూపింది. ఆ దారి మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ గొంతే తరువాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సభల్లో వినిపించింది. అక్కడ విన్నవారు తుపాకులు పట్టలేదు, సభల్లో, ర్యాలీల్లో కలిసి నడిచారు. గొంతు మారలేదు. విన్న సందర్భం మారింది, దానితో ఫలితమూ మారింది.

శాస్త్రం ఏమంటున్నది?

అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెయిగ్ ఆండర్సన్ బృందం 2003లో ఒక ముఖ్యమైన అధ్యయనాన్ని ప్రచురించింది. ఐదు ప్రయోగాల్లో 500 మందికి పైగా కళాశాల విద్యార్థులకు పాటలు వినిపించారు. హింసను వర్ణించే సాహిత్యం ఉన్న పాటలు విన్నవారిలో శత్రుభావన, దూకుడు ఆలోచనలు కొంత పెరిగినట్లు తేలింది. పాటను హాస్యంగా కూర్చినా ఈ ప్రభావం కనిపించింది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ప్రయోగంలో కొలిచింది ఆలోచనలను, భావాలను మాత్రమే. ఖాళీలున్న పదాలను ఎలా పూరించారు, ఏ పదాలను ఎంత త్వరగా చదివారు అన్నవే కొలమానాలు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఈ ప్రభావం కొద్దిసేపటిదే కావచ్చునని పరిశోధకులే చెప్పారు. కోపపు ఆలోచన రావడానికి, కర్ర ఎత్తడానికి మధ్య చాలా దూరం ఉంది.

దీనికి భిన్నమైన ఫలితాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో 39 మంది మెటల్ సంగీతాభిమానులకు ముందుగా కోపం తెప్పించి, ఆపై వారిలో కొందరికి తమకు నచ్చిన ఘోషతో కూడిన ఆ సంగీతమే వినిపించారు. వారిలో కోపం పెరగలేదు, మనసు కుదుటపడింది. మంచిని బోధించే పాటలు విన్నవారిలో సాయం చేసే గుణం పెరిగినట్లు 2009లో టోబియాస్ గ్రైటమేయర్ అధ్యయనాల్లో వెల్లడైంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పాట మనసు స్థితిని కదిలిస్తుంది, కొన్ని క్షణాలు ఒకవైపు వంచుతుంది. ఒక్క పాటే శాంతపరుడిని నేరస్థుడిగా మార్చుతుందనడానికి మాత్రం ఈ ప్రయోగాలు ఆధారం చూపలేదు. హింసాత్మక గీతాలు ఎక్కువగా వినే యువకుడు గొడవలకు దిగితే, పాట వల్ల కోపం వచ్చిందా లేక ముందే ఉన్న కోపం అలాంటి పాటను ఎంచుకున్నదా అన్నది తేల్చడం కష్టం.

పాటకు, మైకుకు మధ్య గీత

ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పిన తీర్పు ఒకటి ఆఫ్రికా ఖండంలోని రువాండాకు సంబంధించినది. 1994లో అక్కడ జరిగిన నరమేధంలో లక్షలాది మంది టుట్సీలు హతులయ్యారు. ప్రఖ్యాత గాయకుడు సిమోన్ బికిండి పాటలు జనాన్ని రెచ్చగొట్టాయన్న ఆరోపణపై రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రైబ్యునల్ విచారణ జరిపింది. 2008 డిసెంబరు 2న ఆయనకు 15 ఏళ్ల జైలు శిక్ష విధించింది.

అయితే ఆ శిక్ష పాటలకు పడలేదు. ఆయన పాటలు జాతి విద్వేష ప్రచారానికి తోడ్పడ్డాయని న్యాయస్థానం గుర్తించింది. హత్యలు చేయించేందుకే వాటిని కూర్చారని గానీ, నరమేధ కాలంలో వాటి ప్రసారంలో ఆయన పాత్ర ఉందని గానీ రుజువు కాలేదని పేర్కొంది. 1994 జూన్‌లో మైకు కట్టిన వాహనంలో వెళ్తూ, టుట్సీలను చంపాలని ఆయన దారి పొడవునా పిలుపునిచ్చినందుకే దోషిగా తేల్చింది. ద్వేషాన్ని పెంచిన పాట తప్పు కాదని న్యాయస్థానం అనలేదు. కానీ ఫలానా వారిని ఇప్పుడే చంపండి అన్న పిలుపునే నేరంగా నిలబెట్టింది.

మన న్యాయస్థానాల మాట

మన దేశంలోనూ ఇంచుమించు ఇదే సూత్రం అమలులో ఉంది. రాజ్యాంగంలోని 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇస్తూనే, శాంతిభద్రతల కోసం సహేతుకమైన ఆంక్షలకు వీలు కల్పించింది. 1989లో ఎస్.రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, భావప్రకటనకు, ప్రమాదానికి మధ్య సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వ పడినంత దగ్గరగా ఉండాలని తేల్చింది. దూరపు ఊహలు చాలవని చెప్పింది.

2025 మార్చి 28న ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో నమోదైన కేసును సుప్రీంకోర్టు కొట్టివేసింది. సామాజిక మాధ్యమంలో ఉంచిన ఒక వీడియోకు నేపథ్యంగా వినిపించిన కవితపై పెట్టిన కేసు అది. మాటల ప్రభావాన్ని ప్రతిదానికీ బెదిరిపోయే వారి దృష్టితో కాకుండా, వివేకం, మనోధైర్యం గల వారి దృష్టితో అంచనా వేయాలని ధర్మాసనం స్పష్టం చేసింది. 3 నుంచి 7 ఏళ్లలోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణల్లో కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ జరిపేందుకు కొత్త చట్టం పోలీసులకు కల్పించిన వీలునూ గుర్తు చేసింది.

నిషేధంతో తీరుతుందా?

పంజాబ్‌లో తుపాకులను కీర్తించే పాటలు వెల్లువెత్తడంతో 2022 నవంబరులో అక్కడి ప్రభుత్వం అలాంటి పాటలను, ఆయుధాల బహిరంగ ప్రదర్శనను నిషేధించింది. అదే ఏడాది మే 29న గాయకుడు సిద్ధూ మూసేవాలా కాల్పుల్లో హతుడయ్యారు. ఆయన పాటల్లో తుపాకుల ప్రస్తావన ఎక్కువగా ఉండేది. అయితే అక్కడ ముఠాలు, అక్రమ ఆయుధాలు వేళ్లూనుకున్న సమస్య. పాటను ఆపినంత మాత్రాన అవి మాయం కావు.

తెలంగాణలోనూ ఇలాంటి చర్చ జరిగింది. 2024 నవంబరు 15న హైదరాబాద్‌లో దిల్జీత్ దోసాంజ్ కచేరీకి ముందు, మద్యం, మత్తుపదార్థాలు, హింసను ప్రోత్సహించే పాటలు పాడరాదని అధికారులు నోటీసు ఇచ్చారు. ఆయన కొన్ని పదాలు మార్చి పాడారు. అన్ని రాష్ట్రాలూ మద్యనిషేధం విధిస్తే మద్యంపై పాటలు మానేస్తానని తరువాత అహ్మదాబాద్ వేదికపై అన్నారు. మాట చురుకైనదే అయినా, అందులో ఆలోచించదగిన అంశం ఉంది. మద్యం దుకాణం తెరిచే ఉంచి మద్యం పాటను మూసివేస్తే ప్రయోజనం ఎంత?

అసలు చిక్కు ఎక్కడ?

ఊరేగింపుల్లో జరిగే గొడవలను నిదానంగా పరిశీలిస్తే పాట సాహిత్యం కన్నా మరికొన్ని అంశాలు ముందుకు వస్తాయి. మొదటిది మోత. చెవులు చిల్లులు పడే శబ్దం గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. పక్కవాడి మాట వినిపించదు. తప్పుకోమన్న మాట కూడా అరుపుగానే చేరుతుంది. రెండవది మద్యం. మూడవది స్థలం. ఇంట్లో పాడుకుంటే భక్తి అనిపించే పాటే, మరొకరి ప్రార్థనా స్థలం ముందు కావాలని ఆగి మోగిస్తే సవాలుగా మారుతుంది. నాలుగవది పాత కక్ష. ఈ నాలుగూ కలిసినచోట పాట లేకపోయినా గొడవకు వేరే సాకు దొరుకుతుంది.

వీటిలో మోతను అదుపు చేసే నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో మైకులు వాడరాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. హైదరాబాద్ కమిషనరేట్ పరిధిలో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ 2024 అక్టోబరు 1న పోలీసులు ఉత్తర్వులు ఇచ్చారు. ఈ నియమాల్లో ఏ పాట పాడాలన్న ప్రస్తావన లేదు. ఎంత శబ్దంతో, ఏ వేళ, ఎక్కడ అన్నదే ఉంది.

మండలంలోనే మరో పాట

ఝరాసంగం మండలానికి పాటలూ, ఊరేగింపులూ కొత్త కాదు. కేతకీ సంగమేశ్వర స్వామి సన్నిధికి శివరాత్రికి తెలంగాణ నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ భక్తులు తరలివస్తారు. తెలుగు, కన్నడ, మరాఠీ పాటలు ఒకే చోట కలుస్తాయి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ డప్పుకు హిందువులు, ముస్లింలు కలిసి అడుగు వేసే సంప్రదాయం తరతరాలుగా ఉంది.

ఈ మండలంలోని మాచ్‌నూర్‌లోనే 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపిన ఈ కేంద్రం నాట్లు, కలుపు, దంపుడు వేళల్లో తల్లులు పాడుకున్న పాటలను ప్రసారం చేసింది. అదే సంస్థ సంక్రాంతి వేళ మొదలుపెట్టే పాత పంటల జాతరలో చిరుధాన్యాల విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఆటపాటల నడుమ ఊరూరా తిరిగాయి. అదీ ఊరేగింపే, అక్కడా డప్పు మోగింది. జనం ఊగారు, తలలు మాత్రం పగలలేదు.

కనుక ఇంట్లో పిల్లవాడు హింసను పొగిడే పాట వింటున్నాడని తల్లిదండ్రులు ఫోను లాక్కోవడం కన్నా, ఆ పాట అతనికి ఎందుకు నచ్చిందో అడగడం మేలు. నిద్ర, చదువు, స్నేహాలు, కోపం మారిపోయాయా అన్నది గమనించాలి. పాట కన్నా ఆ మార్పే ముందస్తు హెచ్చరిక. ఊరేగింపు నిర్వాహకులు దారి, సమయం, శబ్దం ముందే నిర్ణయించుకుని, తాగి వచ్చినవారిని దూరంగా ఉంచితే సగం తగవులు పుట్టవు. ఫలానా వర్గంపై దాడికి పిలుపునిచ్చే పాట వినిపిస్తే మాత్రం ఉపేక్షించకుండా పోలీసులకు తెలపాలి. అక్కడ వినిపించేది పాట రూపంలో ఉన్న ఆదేశం.

పాట మనిషిలో ఉన్నదాన్ని పెంచుతుంది. కోపం ఉంటే కోపాన్ని, కలిసి బతికే అలవాటు ఉంటే ఆ అలవాటును. గొడవ జరిగిన మరునాడు రచ్చబండ వద్ద పాటను దోషిగా నిలబెట్టడం సులువు. కర్ర ఎత్తిన చేతిని, మద్యం పోయించిన చేతిని, మైకు శబ్దం పెంచిన చేతిని అడగడమే కష్టం. ఊరు అడగవలసింది మాత్రం ఆ చేతులనే.