లవణ సరస్సు తీరాన ప్రేతనాట్యం

పాఠశాలలలోను కర్మాగారాలలోను చూపుటకు తగిన చిన్న చిత్రాలు తీయటం సెంట్రాన్ అనే సంస్థ వృత్తి. అది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో ఉండేది. అందులో దర్శకుడు హెర్క్ హార్వీ. తోటివారితో ఎట్లు మెలగవలెనో, యంత్రాల వద్ద ఎట్లు జాగ్రత్తపడవలెనో బోధించే చిత్రాలు తీసి తీసి చేయి తిరిగిన ఈయన, జీవితం మొత్తం మీద తీసిన కథాచిత్రం ఒక్కటే. అది 1962లో వెలువడిన ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’. తెలుగున ‘ఆత్మల జాతర’ అనవచ్చును.

ఈ చిత్రానికి పుట్టుక కథలో లేదు, ఒక పాడుబడిన భవనంలో ఉన్నది. హార్వీ ఒకమారు కాలిఫోర్నియానుండి కారులో తిరిగి వస్తూ, సాల్ట్ లేక్ సిటీ సమీపాన మహా లవణ సరస్సు ఒడ్డున సాల్టేర్ అనే విహారశాలను చూచినాడు. 1893లో మొదట నిర్మితమై, 1925లో అగ్నికి ఆహుతియై, తిరిగి లేచిన ఆ శాలలో ఒకనాడు వేలకొలది జనం నాట్యమాడేవారు. తరువాత సరస్సు నీరు వెనుకకు పోయినది, జనమూ పోయినారు. 1958లో తలుపులు మూతపడినవి. గుమ్మటాలు మాత్రం ఆకాశంలో నిలిచి ఉన్నవి. మృతులు సరస్సునుండి లేచి వచ్చి ఆ శాలలో నాట్యం చేయవలెను, తక్కిన కథ నీ ఇష్టం అని హార్వీ తన సహోద్యోగి జాన్ క్లిఫర్డ్‌కు చెప్పినాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి, 30 వేల డాలర్లకు కొంచెం పైబడిన ధనంతో, కొద్ది వారాలలో చిత్రీకరణ ముగించినాడు.

కథ చిన్నది. మేరీ హెన్రీ అనే యువతి ఎక్కిన కారు పందెపు వేగంలో వంతెనపైనుండి నదిలో పడుతుంది. కొన్ని గంటల తరువాత ఆమె ఒక్కతే బురదలోనుండి నడిచి వస్తుంది. దూరపు నగరంలో చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగానికి పోతుంది. ఆమెకు అది జీతం కోసం చేసే పని మాత్రమే, భక్తి లేదు. దారిలో కారు అద్దంలో పాలిపోయిన ముఖం ఒకటి కనబడి, ఆపై ఆమెను వదలదు. ఆ ముఖం హార్వీదే. వేషానికి మరొకరిని పెట్టుకొనలేదు. ముగింపు ఇక్కడ చెప్పటం చూడనివారికి ద్రోహం. అయినా తెలివైన విద్యార్థి సగంలోనే ఊహించగలడు. ఊహించినందువల్ల భయం తగ్గకపోవటమే విశేషం.

ఇటువంటి చిత్రాలను సమీక్షించువారు సాధారణంగా రెండు తెన్నుల పోతారు. బీదతనాన్ని చూచి నవ్వేవారు కొందరు. ఎవరూ చూడలేదు గనుక గొప్పదని నెత్తికెత్తుకొనేవారు మరికొందరు. దీనిలో లోపాలు లేకపోలేదు. కొన్ని చోట్ల పెదవుల కదలికకు మాట అతుకదు. వైద్యుని గదిలో సంభాషణ సాగదీసినట్లున్నది. న్యూయార్కులో నటన అభ్యసించిన నాయిక క్యాండెస్ హిల్లిగాస్ పక్కన చిన్న పాత్రలు ధరించిన స్థానికులు కొందరు పాఠం అప్పగిస్తున్నట్లు మాట్లాడుతారు. కాని ఈ తడబాటు సైతం చిత్రానికి ఒక విధంగా ఉపకరించినది: మేరీకి తన చుట్టూ ఉన్న లోకం నిజమైనదిగా తోచదు గదా, చూచేవారికీ అట్లే తోస్తుంది.

దుకాణంలో ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. మేరీ కొత్త దుస్తులు వేసి చూచుకొంటూ ఉండగా లోకపు సద్దు ఆగిపోతుంది. ఆమె పిలిచినా అమ్మకందారు పలుకదు. ఎదురుపడినవారు ఆమెను చూడరు. వీధిలోకి పరుగెత్తి, ఉద్యానంలో ఒక చెట్టును తాకినప్పుడు పక్షి కూత వినబడి ప్రాణం లేచి వస్తుంది. రక్తం లేదు, మాయాయంత్రం లేదు. ధ్వనిని తీసివేసి, మళ్లీ ఇచ్చినాడు, అంతే. ఒక్కొక్క విషయాన్ని విడదీసి స్పష్టంగా చూపే అలవాటు, తరగతి గదుల చిత్రాలలో అబ్బినది, ఇక్కడ అక్కరకు వచ్చినదని తోస్తుంది. చిత్రానికి నేపథ్య సంగీతం జీన్ మూర్ ఆర్గన్ వాద్యమే. ఆరాధనకు వాయించే వాద్యమే శ్మశాన నాట్యానికీ తాళం పడుతుంది. చర్చిలో ఆమె వేళ్లు అదుపు తప్పి ఆ నాట్యపు బాణీ పలికించినప్పుడు మతగురువు ఆమెను ఉద్యోగంనుండి తొలగిస్తాడు.

ఆనాడు దీనిని ఎవరూ పట్టించుకొనలేదు. పంపిణీదారులు కొన్ని భాగాలు కత్తిరించి చౌకబారు భయానక చిత్రాల సరసన పడవేసిరి. ఆ సంస్థ కూడ దివాలా తీసినది. ప్రతులపై హక్కుల ప్రకటన ముద్రింపకపోవటంచేత చిత్రం ఎవరి సొత్తూ కాకుండా పోయినది. నిర్మాతకు నష్టమైన ఆ పొరపాటే చిత్రాన్ని బ్రతికించినదనాలి: రుసుము లేని సరుకు గనుక టెలివిజన్ కేంద్రాలు అర్ధరాత్రి వేళ పదే పదే ప్రసారం చేసినవి, నిద్రరానివారు చూచినారు, మరునాడు స్నేహితులకు చెప్పినారు. 1989లో తిరిగి థియేటర్లకు వచ్చేనాటికి హార్వీకి అరువదియైదేండ్లు. 1996లో ఆయన మరణించినాడు.

సాల్టేర్ శాల 1970లో మరొకసారి తగులబడినది. ఆ పేరుతో తరువాత వెలసిన కట్టడం వేరు.